మట్టి మిద్దె, గాటిపాట, పాతర: పాత రైతు ఇంటిని బాగుచేసుకునే పద్ధతి

రాయలసీమ పల్లెల్లో పాతకాలపు పెద్ద రైతు ఇల్లంటే నాలుగు గదులతో అయిపోదు. రెండడుగుల మందం రాతిగోడలు, పైన మట్టి మిద్దె, తలవాకిలి దాటగానే పల్లంలో ఎద్దుల్ని కట్టేసే గాటిపాట, దానికంటే మెట్టు ఎత్తున పడసాల, వెనక వంటిల్లు, నడిమింట్లో వెలుగుకు, పొగకు గవాచి. బయటికొస్తే పశువుల కొట్టం, గడ్డివాములు వేసే వామిదొడ్డి, కల్లం, వాటి నడుమ ఎక్కడో నేలలో గింజలు దాచుకునే పాతర. పాత కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఊరిని బట్టి కొలతలు మారతాయి గానీ కట్టుబడి చాలావరకు ఇదే.

ఈ ఇళ్లను పడగొట్టేది వయసు కన్నా నీళ్లు. పైనుంచి దిగే నీళ్లు దూలాన్ని తింటాయి, కిందినుంచి ఎక్కే తేమ గోడ కాలిని తింటుంది. మట్టి, సున్నం ఆ తేమను ఎండలో బయటికి వదిలేస్తాయి. సిమెంటు వదలదు. మంచి ఉద్దేశంతో పూసిన సిమెంటే చాలా ఇళ్లకు చేటు తెచ్చింది. కాబట్టి బాగుచేత వరుస ఎప్పుడూ ఒకటే: మొదట మిద్దె, తర్వాత దూలాలు, ఆపైన గోడలు, చివర నేల. గోడకు సున్నం కొట్టడంతో మొదలుపెట్టి, ఉరిసే (నీళ్లు కారే) మిద్దెను వచ్చే ఏడాదికి వదిలేస్తే ఆ సున్నం డబ్బులు నీళ్లపాలే.

ముందు చూసుకోవాల్సినవి

ఇంటిని రెండుసార్లు చూడాలి. ఎండాకాలంలో ఒకసారి, వాన కురుస్తుండగా ఒకసారి. చేతిలో మంచి బ్యాటరీ లైటు, పొడవాటి దబ్బనం, చిన్న సుత్తి, తూకం గుండు, సుద్దముక్క చాలు. వానలో లోపల ఎక్కడెక్కడ చుక్క పడుతోందో ఆ దంతె (దూలాల మీద అడ్డంగా పరిచిన కట్టె) మీద సుద్దతో గుర్తు పెట్టి, తేదీ రాయండి. చుక్క పడిన చోటికి సరిగ్గా పైనే మిద్దె చెడిపోయి ఉంటుందనుకోవద్దు. నీళ్లు దంతె వెంట నాలుగైదు అడుగులు జారి అప్పుడు కిందపడతాయి. అందుకే గుర్తు దగ్గర్నుంచి దంతె పొడవునా ఎత్తు వైపుకు వెతకండి.

గోడల దగ్గర మూడు చూడాలి: ఉబ్బు, నిలువు పగులు, కాలి దగ్గర తెల్లటి బూజులాంటి ఉప్పు. మిద్దె మీద నిలబడి, వాననీళ్లు బయటికి పారే దోనెల నోళ్లు చూడాలి. ఇంటి చుట్టూ తిరిగి, వీధి సిమెంటు రోడ్డు ఇంటి గడప కంటే ఎంత ఎత్తుందో కొలవాలి. ఈ చివరి కొలత చాలామంది తీసుకోరు, దాని వల్ల వచ్చే చెమ్మకు మాత్రం ఏళ్ల తరబడి మిద్దెను తిడతారు.

చవుడు మిద్దె

మిద్దె పొరలు కింది నుంచి పైకి ఇలా ఉంటాయి. గోడ మీద, కంబాల మీద దూలాలు. వాటికి అడ్డంగా అడుగు, అడుగున్నర ఎడంతో దంతెలు. దంతెల మీద కలిగిన ఇళ్లలో నాపబండలు, తక్కిన ఇళ్లలో చీల్చిన కట్టెపేళ్లు. దాని మీద ఈతాకో, కానుగాకో, వేపాకో దట్టంగా. ఆపైన 4 నుంచి 6 అంగుళాల తడిమన్ను తొక్కి, ఆరాక 2, 3 అంగుళాల చవుడు, అంటే పైరు పండని చవుటి నేల మన్ను. ఆకుపొర మన్ను కిందికి రాలకుండా ఆపుతుంది, వేపాకు, కానుగాకు చేదు పురుగును కొంత దూరం పెడుతుంది.

చవుడు నీళ్లను ఎలా ఆపుతుందో తెలిస్తే సగం తప్పులు తప్పుతాయి. చవుటి మన్నులో సోడియం ఎక్కువ. తడవగానే అందులోని బంకమన్ను రేణువులు ఒకదాన్నొకటి వదిలేసి, పొడిపొడిగా విడిపోయి, సందులన్నీ పూడ్చేస్తాయి. పైన అంగుళం బురద అవుతుంది, కింద పొడిగానే ఉంటుంది. చేలో ఏ గుణం పైరును చంపుతుందో, మిద్దె మీద ఆ గుణమే ఇంటిని కాపాడుతుంది. చవుడు నేలను బాగుచేయడానికి రైతులు జిప్సం చల్లుతారు కదా, అందులోని కాల్షియం ఆ రేణువుల్ని మళ్లీ గడ్డలు కట్టించి నీళ్లు దిగేలా చేస్తుంది. అందుకే మిద్దె మీది చవుడులో సున్నం గానీ, సిమెంటు గానీ, జిప్సం గానీ కలపొద్దు. గట్టిపడుతుందని కలిపినవాళ్ల మిద్దెలే ముందు ఉరుస్తాయి. జిప్సం వేసిన చేలోంచి చవుడు తోలుకోవడం కూడా వద్దు.

మంచి చవుడును పరీక్షించడం తేలిక. గడ్డి మొలవని చోట, తడిస్తే కాలు జర్రున జారే మన్ను వెతకండి. పైన తెల్లగా పేరుకున్న ఉప్పుపొరను గీకి పక్కన పారేసి, కింది మన్నే తీసుకోండి. ఆ ఉప్పు గోడల్లోకి దిగితే గారను, మెత్తటి రాయిని పొరలుపొరలుగా రాలుస్తుంది. అడుగున బొక్కలు పెట్టిన పాత డబ్బాలో గుడ్డ పరిచి, మన్నును 3 అంగుళాలు దిమ్మిస చేసి (దంచి అణచి), పైన 2 అంగుళాల నీళ్లు పోసి రాత్రంతా ఉంచండి. తెల్లారేసరికి కింద చుక్కలు పడకపోతే ఆ చవుడు పనికొస్తుంది. నీళ్లన్నీ దిగిపోతే ఇంకో చోట వెతుక్కోవాల్సిందే.

పని రోహిణి కార్తెలోపే ముగియాలి. మృగశిర జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది, అప్పటికి మిద్దె మూసి ఉండాలి. మే నెల మొదటి వారంలో మొదలుపెడితే సరిగ్గా సరిపోతుంది. 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవున్న గది మీద 2 అంగుళాల పొరకు, దిమ్మిసకు అణిగేది కలుపుకొని దాదాపు 40 ఘనపుటడుగుల జల్లించిన చవుడు కావాలి. 100 ఘనపుటడుగులు పట్టే ట్రాక్టరు ట్రాలీలో ఇది సగానికి కాస్త తక్కువ.

ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. ఏటేటా కొత్త చవుడు వేస్తారు గానీ పాతది తీయరు. 10 అడుగులు చదరం గది మీద ఒక్క అంగుళం మన్ను పొడిగా ఉన్నప్పుడే 350 కిలోలకు పైన తూగుతుంది, తడిస్తే ఇంకో వంద కిలోలు చేరతాయి. పదిహేను ఇరవై ఏళ్ల చవుడు పేరుకుంటే దూలం మీద నాలుగైదు టన్నుల అదనపు బరువు కూర్చున్నట్టే. మిద్దెలు వాన పడుతున్నప్పుడే కుప్పకూలడానికి ఇదొక కారణం. అందుకని మొదట మిద్దెకు ఓ మూల చిన్న గుంట తవ్వి మొత్తం మందం ఎంతుందో కొలవండి. 10 అంగుళాలు దాటితే, కొత్తది వేయకముందు పాతది దింపాలి.

దింపడానికీ ఒక పద్ధతుంది. ముందు కింద దూలాలకు సెంట్రింగ్ జాకీలు ఆనించండి. పైన ఒకేసారి ముగ్గురికి మించి మనుషులు వద్దు. గది మొత్తం మీద పలుచగా, సమానంగా పొరలు గీస్తూ రండి. ఒక పక్క పూర్తిగా ఖాళీ చేసి రెండో పక్క నిండుగా ఉంచితే బరువు ఒరిగి దంతెలు మెలిపడతాయి. గీసిన మన్నును మిద్దె మీద కుప్ప పోయొద్దు, గంపలతో వెంటవెంటనే దించేయాలి. ఆకుపొర కనిపించేదాకా తవ్వకండి, అది చెదిరితే కింది మన్నంతా రాలుతుంది. గట్టిగా ఉన్న తడిమన్ను పొర తగలగానే ఆగి, పగుళ్లుంటే అదే రకం మన్నుతో పూడ్చి, నీళ్లు చిలకరించి, ఆ తడి ఆరకముందే కొత్త చవుడు పరవాలి.

వాలు పదడుగులకు 3 అంగుళాలుండాలి. తక్కువైతే నీళ్లు నిలుస్తాయి, ఎక్కువైతే గట్టి వానకు చవుడే కొట్టుకుపోతుంది. దోనె గోడ నుంచి కనీసం అడుగున్నర బయటికి పొడుచుకు రావాలి. పాత రాతి దోనె విరిగి ఉంటే 4 అంగుళాల పీవీసీ పైపు పెట్టినా తప్పు లేదు, ఆ పొడవు ముఖ్యం. గోడకు అంటుకొని కారే దోనె ఒక్క వానాకాలంలో కింది మట్టిగారను కడిగేస్తుంది. దోనె చుట్టూ అడుగు మేర మాత్రం చవుడు బదులు సున్నం, ఇటుకపొడి గచ్చు చేయండి, నీళ్లన్నీ అక్కడికే చేరతాయి కాబట్టి చవుడు అక్కడ నిలవదు.

మొదటి వాన పడి తెరిపిచ్చాక, మిద్దె ఇంకా పదునుగా ఉండగా చెక్కబల్లతో తట్టి అణచాలి. ఈ ఒక్కపూట పని మానేస్తే ఆ ఏడాదంతా చిన్న చిన్న ఉరుపులుంటాయి. మొలిచిన గడ్డిని చిన్నగా ఉండగానే పీకేయాలి. వేరు దిగాక పీకితే వేరున్న చోట బొక్క పడుతుంది. రావి, మర్రి మొక్క పిట్టగోడలో కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగకండి. పైన నరికి వదిలేస్తే వేరు లావెక్కుతూనే ఉంటుంది. రాళ్లు రెండు తీసైనా వేరు మొదలు పెకలించి, మళ్లీ కట్టుకోవాలి.

చవుడు నాలుగైదు గంటల వానను చక్కగా ఆపుతుంది. రోజుల తరబడి విడవకుండా పట్టే ముసురుకు మాత్రం మెత్తబడుతుంది. 2021 నవంబరులో కడప జిల్లాలో చెయ్యేరు పొంగినప్పటి లాంటి వానలకు ఏ మట్టి మిద్దే పూర్తిగా ఆగదు. హస్త, చిత్త, స్వాతి కార్తెల కోసం ఇంటి మిద్దెకు సరిపడా టార్పాలిన్ పట్ట దగ్గర పెట్టుకోండి. ముసురు పట్టినప్పుడు కప్పి, ఎండ రాగానే తీసేయాలి. పట్టను మన్ను కింద శాశ్వతంగా పరిచే పద్ధతి ఒకటి వచ్చింది. అది వద్దు. ఇంట్లోంచి ఎక్కే ఆవిరి పట్ట కింద నిలిచి, ఆకును, కట్టెను కుళ్లబెడుతుంది, పైకి ఏమీ కనిపించదు.

మట్టి మిద్దె మీద రెండంగుళాల సిమెంటు కాంక్రీటు పోయడం ఇంకా చెడ్డది. మే ఎండకు అది పగులుతుంది. వెంట్రుకవాసి పగులులోంచి దిగిన నీళ్లు మళ్లీ ఎండలేవు. పైగా 10 అడుగులు చదరం గదికి టన్నుకు పైన బరువు పెరుగుతుంది.

దూలాలు, దంతెలు, గవాచి

దూలం నడుమ బాగుండి, గోడలో దూరిన కొన దగ్గరే పుచ్చుతుంది. గాలి ఆడని చోటు అదే. సుత్తితో తట్టుకుంటూ గోడ దాకా వెళ్లండి. గణగణ మోగేది డొల్లగా మారిన చోట దబ్బనం పొడవండి. అరంగుళం దాటి సులువుగా దిగితే కొన పోయినట్టే. కొనకు చుట్టూ అరంగుళం సందు వదిలి, కింద చదునైన రాతి పలక పెట్టాలి. ఆ సందును సిమెంటుతో పూడిస్తే కొత్త దూలం కూడా అదే దారి పడుతుంది.

దూలం వంగి ఉంటే కంగారు పడక్కర్లేదు. వేప, తుమ్మ, టేకు ఏదైనా దశాబ్దాల బరువుకు కొంత వంగుతుంది. వంపు ఇంకా పెరుగుతోందా అన్నదే తేల్చుకోవాలి. రెండు కొనల మధ్య దారం బిగించి నడిమి సందు కొలిచి గోడ మీద రాసుకోండి, వానలయ్యాక మళ్లీ కొలవండి. అంకె మారకపోతే వదిలేయొచ్చు. మారినా, పదడుగులకు అంగుళం దాటి వంగి ఉన్నా, జాకీ పెట్టి ఇంజనీరుకో, అనుభవమున్న వడ్రంగికో చూపించాలి. వంగిన దూలాన్ని జాకీతో ఒక్కపూటలో లేపితే దాని మీదున్న బండలు విరుగుతాయి, పైన మిద్దె పగులుతుంది. రోజుకు ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు మించి ఎత్తకండి.

కొన మాత్రమే పుచ్చితే దూలం మొత్తం మార్చాల్సిన పనిలేదు. గోడ పక్కనే రాతి కంబమో, కట్టె కంబమో నిలబెట్టి, పైన బోదిక (కంబం తల మీది అడ్డదిమ్మె) పెట్టి దూలాన్ని దాని మీద కూర్చోబెట్టొచ్చు. కంబం కింద గట్టినేల దాకా తవ్వి రాయి వేయాలి, ఉత్త బండ మీద నిలబెడితే అది కుంగుతుంది. చెదలకు 3 పాళ్లు బోరాక్స్, 2 పాళ్లు బోరిక్ ఆసిడ్ కలిపి, ఆ మిశ్రమాన్ని 10 లీటర్ల వేడినీళ్లకు కిలో చొప్పున కరిగించి, బాగా ఎండిన కట్టెకు కుంచెతో రెండు మూడు దఫాలు పట్టించండి. తడికి అది కడుక్కుపోతుంది కాబట్టి ఉరుపు ఆపకుండా మందు పూయడం దండగ. కడప ప్రాంతపు ఇళ్లలో తలుపుల్లో, కంబాల్లో ఎర్రచందనం ఉండే అవకాశం ఉంది. అటవీశాఖ అనుమతి లేకుండా ఆ కట్టెను ఇంటి నుంచి కదిలించకండి, అమ్మకండి.

గవాచి చుట్టూ కట్ట మిద్దె మట్టానికి 9 అంగుళాలు ఎత్తుండాలి. ఏళ్ల తరబడి వేసిన చవుడుతో ఆ కట్ట 3 అంగుళాలకు దిగిపోయి, వాననీళ్లు గవాచిలోంచే ఇంట్లోకి వస్తుంటాయి. అద్దం బిగించేటప్పుడు నాలుగు మూలలా రెండంగుళాల రాళ్లు పెట్టి, పైన అద్దం పలక వేయండి. వేడిగాలి పోవడానికి ఆ సందు కావాలి. గవాచిని పూర్తిగా మూసిన ఇళ్లలో వేసవిలో నడిమిల్లు ఉడికిపోతుంది, వానాకాలంలో దంతెలకు బూజు పడుతుంది.

గోడలు

ఈ గోడ నిజానికి రెండు గోడలు. బయట ఒక రాతి వరుస, లోపల ఒక రాతి వరుస, నడుమ చిల్లరాళ్లు, మన్ను. రెండింటినీ కలిపి పట్టేది గోడ మందమంతా వచ్చే పొడుగు రాళ్లే. అవి లేని చోట, నడుమ మన్ను తడిసి ఉబ్బి, బయటి వరుస విడిపోయి ఉబ్బు కడుతుంది. తూకం గుండు వేసి చూస్తే రెండంగుళాలకు పైగా ఉబ్బిన చోటును విప్పి కట్టుకోవడమే మేలు. ముందు ఆ గోడ మీదున్న దూలాలకు జాకీలు పెట్టాలి. ఒకేసారి 3, 4 అడుగుల వెడల్పు మించి విప్పొద్దు. కింద ఒక రాయి తీస్తే పైన మూడు వదులవుతాయి కాబట్టి ఎప్పుడూ పైనుంచి కిందికే విప్పాలి. రాళ్లకు సుద్దతో అంకెలు వేసి, నేల మీద అదే వరుసలో పేర్చుకుంటే తిరిగి కట్టేటప్పుడు బేల్దారికి (తాపీమేస్త్రికి) సగం పని తప్పుతుంది. ప్రతి 2 అడుగుల ఎత్తుకు, పొడవులో ప్రతి 4 అడుగులకు ఒక పొడుగు రాయి పడాలి. అంత పొడవు రాయి దొరక్కపోతే, లోపలి నుంచి ఒకటి, బయటి నుంచి ఒకటి ఒకదాని పక్కన ఒకటి అతికేలా వేయండి.

కట్టే మన్నుకు ఎర్రమన్నే వాడండి. నల్లరేగడి వద్దు, తడిస్తే ఉబ్బి, ఎండితే చీలుతుంది. 2 పాళ్లు ఎర్రమన్ను, 1 పాలు వంక ఇసుక, గుప్పెళ్ల కొద్దీ తరిగిన వరిగడ్డి వేసి, మూడు రోజులు నానబెట్టి, రోజూ తొక్కాలి. అప్పచ్చిలా చేసి నీడలో ఆరబెడితే పగలకూడదు. పగిలితే ఇసుక పెంచండి, చేత్తో నలిపితే పొడిగా రాలితే మన్ను పెంచండి.

గోడకు సిమెంటు పూత ఇప్పటికే ఉంటే, గట్టిగా అంటుకొని ఉన్నచోట కొట్టి పీకొద్దు, రాయి ముఖం కూడా ఊడొస్తుంది. డొల్లగా మోగే చోట తీసేయండి. ఎక్కడున్నా సరే, కింది 3 అడుగుల సిమెంటు పూత మాత్రం మెల్లగా తీయాల్సిందే. చెమ్మ ఎక్కేది అక్కడే. సిమెంటు దాన్ని ఆపదు, పైకి తోస్తుంది. అందుకే పూత వేసిన రెండేళ్లకు చెమ్మ గీత మోకాలి ఎత్తు నుంచి నడుము ఎత్తుకు చేరుతుంది. కరెంటు తీగల కోసం గోడను గాడి కొట్టకండి, పైపుల్లో వేసి గోడ మీదే బిగించండి. పాత గోడల మీద కాంక్రీటు స్లాబు పోయడం మాత్రం ఎవరు చెప్పినా వినకండి. మన్నుతో కట్టిన గోడకు ఆ స్లాబు పట్టు దొరకదు, గోడ ఒకవైపు కుంగితే స్లాబు మొత్తం జరుగుతుంది.

సున్నం

గడ్డ సున్నాన్ని ఇనప డ్రమ్ములో చల్లార్చాలి. ప్లాస్టిక్ డ్రమ్ము ఆ వేడికి మెత్తబడుతుంది. ముందు నీళ్లు పోసి, అందులో సున్నం గడ్డలు కొద్దికొద్దిగా వేయాలి. సున్నం మీద నీళ్లు పోస్తే చివ్వున ఎగిరి కళ్లలో పడుతుంది. 1 పాలు గడ్డ సున్నానికి 3 పాళ్లు నీళ్లు. కళ్లజోడు, చేతి తొడుగులు తప్పనిసరి, పిల్లల్ని దగ్గరికి రానీయొద్దు. కలిపి, జల్లెడ పట్టి, పైన నాలుగంగుళాల నీళ్లు నిలిచేలా గుంటలో కనీసం మూడు వారాలు ఉంచాలి. చల్లారని గుళికలు మిగిలితే గోడెక్కాక ఉబ్బి, పూతలో గుంటలు పడతాయి.

పూతకు 1 పాలు సున్నం ముద్ద, 3 పాళ్లు ఇసుక. దోనెల చుట్టూ, స్నానాల గది, తొట్టి దగ్గర 1 పాలు సున్నం, 1 పాలు మెత్తటి ఇటుకపొడి, 2 పాళ్లు ఇసుక, తడిలోనూ గట్టిపడేందుకు. పూత ఒక్కో పొర అరంగుళం మించకూడదు. గోడను ముందురోజు, పూసే రోజు పొద్దున తడపాలి. తర్వాత రెండు వారాలు గోనెపట్టలు వేలాడదీసి తడుపుతూ ఉండాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని గట్టిపడుతుంది, దానికి కొంచెం తేమ, చాలా ఓపిక కావాలి. ఎండలో వేసిన సున్నపు పూత పైన ఎండి లోపల పిండిగా మిగులుతుంది. కాబట్టి మిద్దె పని మే నెలలో, సున్నం పని వానలు వెళ్లాక నవంబరు చివర నుంచి జనవరి దాకా. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపే పద్ధతి మంచిదే గానీ, పాళ్లు తెలిసిన పనివాడు ఉంటేనే. బెల్లం ఎక్కువైతే సున్నం పట్టు ఆలస్యమవుతుంది, చీమలు పడతాయి.

వెల్లకు సున్నపు తేటలో కాస్త నానిన తుమ్మబంక కలిపితే బట్టలకు అంటదు. ప్లాస్టిక్ రంగులు మట్టి, సున్నపు గోడలకు వద్దే వద్దు.

నేల, వీధి

సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయి చాలా ఊళ్లలో గడప వీధికి పల్లమైంది. దానికి ఇంట్లో మట్టం పెంచి సిమెంటు పోయడం విరుగుడు కాదు. నేలలోని తేమంతా అప్పుడు గోడల్లోంచే ఎక్కాలి. రోడ్డుకు, గోడకు నడుమ అడుగు వెడల్పు కాలువ తీసి, అడుగున బండ పరిచి, ఊరి కాలువకు వాలు ఇవ్వండి. తక్కిన మూడు వైపులా గోడ నుంచి 3 అడుగుల దాకా అడుగుకు అంగుళం వాలు ఉండేలా గరుసు (కంకరమన్ను) దిమ్మిస చేయండి. ఇంట్లో బండలు వేయాలంటే తాడిపత్రి, బేతంచెర్ల బండలు మన చేతికందేవే. గరుసు మీద 3 అంగుళాల సున్నం, ఇసుక పరుపు వేసి, సందుల్లోనూ సున్నమే నింపండి.

గాటిపాట, కొట్టం

గాటిపాటలో గోడ కాలికి కనిపించే తెల్లటి బూజులో ఎక్కువ భాగం సూరేకారం జాతి ఉప్పు. పశువుల పంచితం తరాలపాటు ఇంకి తయారైంది. ఎద్దులు పోయి ట్రాక్టరు వచ్చాక గాటిపాటను పడకగదిగా మార్చుకుంటున్నారు, కొత్త పూత ఏడాది తిరక్కుండా రాలుతోందని బాధపడుతున్నారు. ఉప్పు గోడలో ఉన్నంతకాలం ఏ పూతైనా రాలుతుంది. ముందు పాత పూతను, నేల మీద అర్ధడుగు మన్నును తీసి ఊరి బయట చేలో పోయాలి. తర్వాత గోడకు ఇసుక ఎక్కువ కలిపిన పలుచటి మట్టిపూత వేసి, రెండు మూడు నెలలు వదిలేయండి. గోడలోని ఉప్పు ఆ పూతలోకి చేరి తెల్లబడుతుంది. దాన్ని గీకి పారేసి మళ్లీ వేయాలి. ఇలా రెండు మూడు దఫాలు చేశాక, ఉప్పు పట్టడం తగ్గాకే సున్నపు పూత. గీకిన మన్ను గోడ కాలి దగ్గరే పడేస్తే చేసిందంతా వృథా.

పశువులు ఇంకా ఉన్న కొట్టంలో నేలకు నునుపు బండలు వేయొద్దు, గిట్టలు జారి ఎద్దు తుంటి విరుగుతుంది. ఉలితో గంట్లు కొట్టిన బండ గానీ, గరుసు నేల గానీ మంచిది. గాడి (మేత వేసే తొట్టి) నుంచి వెనక కాలువకు నాలుగడుగులకు అంగుళానికి తగ్గకుండా వాలుండాలి. బోదగడ్డి కప్పు 45 డిగ్రీల వాలుకు తగ్గితే నీళ్లు జారక గడ్డిలోనే నిలిచి కుళ్లుతుంది. చూరు గోడను రెండడుగులు దాటి రావాలి. గడ్డి దొరక్క రేకులు వేస్తే, పైన కొబ్బరి మట్టలో చొప్పో పరచకపోతే వేసవిలో పశువు పాలు తగ్గిస్తుంది. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, తీసేటప్పుడు తడిపి, పగలగొట్టకుండా దించాలి.

ఎరువు దిబ్బ గోడకు 20 అడుగుల దూరంలో ఉండాలి, చెదలు అక్కడి నుంచే వస్తాయి. వామి ఇంటికి 50 అడుగులు, కింద అడుగెత్తు రాళ్ల దిమ్మె మీద. శనగకట్టె పచ్చి మీద వామి వేస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది, ఒక్కోసారి అంటుకుంటుంది కూడా. కల్లం వాడుకలో ఉంటే ఏటా గీకి, తడిపి, రాతిగుండు దొర్లించి, పేడతో అలికితే చాలు.

పాతర

జొన్నలు, కొర్రలు దాచుకునే పాతరలు 1876–78 ధాత కరువు లాంటి రోజుల్లో ఊళ్లను బతికించినవి. ఇప్పుడు వాటిలో గింజ లేదు గానీ ప్రమాదం ఉంది. నోరు రెండడుగులు, కడుపు ఆరేడు అడుగులు, లోతు పది, పన్నెండు దాకా. మూసి ఉన్న పాతరలో ప్రాణవాయువు తగ్గి, బొగ్గుపులుసు వాయువు అడుగున పేరుకుంటుంది. దిగిన మనిషి అరవకుండానే పడిపోతాడు, కాపాడదామని దిగిన రెండో మనిషి కూడా. బండ తీసి రెండు రోజులు ఆరనివ్వాలి. ఫ్యాను లేదా పురుగుమందు వాడని బ్లోయరుకు గొట్టం తగిలించి, అడుగు దాకా దించి గంటసేపు గాలి కొట్టాలి. లాంతరు దించితే ఆరిపోయిందా, ఎవరూ దిగొద్దు. ఆరకపోయినా అది పూర్తి భరోసా కాదు. దిగే మనిషికి చంకల కింద తాడు, పైన లాగడానికి ఇద్దరు, పైనున్నవాళ్లు కిందికి దిగకూడదన్న కట్టుబాటు ముందే ఉండాలి.

గోడకు ఆరడుగుల లోపు దూరంలో ఉన్న పాతరలోకి వాననీళ్లు చేరితే పునాది కింది మన్ను దానిలోకి జారి, గోడ ఆ వైపుకు ఒరుగుతుంది. గోడలో ఎక్కడా కారణం దొరకని ఏటవాలు పగులుంటే ముందు ఇంట్లో పెద్దవాళ్లను అడిగి పాతర ఎక్కడుందో తెలుసుకోండి. ఉంచుకోవాలనుకుంటే నోటి చుట్టూ సున్నపు గచ్చుతో 6 అంగుళాల కట్ట కట్టి, ఎద్దు తొక్కినా విరగని 4 అంగుళాల మందం బండ మూయండి. దాని మీదుగా ట్రాక్టరు పోనివ్వొద్దు. పూడ్చాలనుకుంటే చెత్తతో పూడ్చకండి, కుళ్లి కుంగుతుంది. పొడి గరుసును 6 అంగుళాల పొరలుగా పోస్తూ, కొద్దిగా తడిపి, పైనుంచి తాడు కట్టిన బరువైన దిమ్మిసతో ప్రతి పొరనూ అణచండి. పైన వెంటనే బండలు పరవొద్దు. రెండు వానాకాలాలు గడిచాక కుంగినంత మేర మళ్లీ గరుసు పోసి, దిమ్మిస చేసి, అప్పుడు పరవండి.